"చివరిగా ఎక్కడ తాగావు?" అని అడగండి: ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ప్రొహిబిషన్, ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నేను నెల్లూరు జిల్లాలో హైవేకి దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వాస్పత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం క్యాజువాల్టీలోనే గడిచింది. ఒకే ఒక్క కోరికతో మీకు రాస్తున్నాను. తాగి బండి నడుపుతూ పట్టుబడిన ప్రతి మనిషినీ, తాగి ప్రమాదం చేసి ఆస్పత్రికి వచ్చిన ప్రతి మనిషినీ "చివరిగా ఎక్కడ తాగావు?" అని అడిగి, చెప్పిన జవాబు రాసిపెట్టించండి. వైన్ షాపా, దాని పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూమా, బారా, దాబానా, లైసెన్సు లేని బెల్టు షాపా, పెళ్లి విందా, పొలం గట్టా, ఏదైతే అది. ఆ జవాబులన్నీ ఊరి పేరు, షాపు పేరుతో సహా మూడు నెలలకోసారి మీ టేబుల్ మీదికి తెప్పించుకోండి.

ఇది పోలీసుల పని, మీ శాఖకు రాయడమెందుకని ఎవరైనా అనొచ్చు. మందు అమ్మకం మీ చేతిలో ఉంది. తాగి నడిపినవాణ్ని పట్టుకునేది పోలీసులు, రక్తం తీసేది మేము, జరిమానా వేసేది కోర్టు. ఇంతమందిలో ఆ మనిషి చేతికి గ్లాసు ఎక్కడ అందిందో, అందినచోట బండి ఎక్కడ పెట్టాడో, ఎన్ని గంటలకు లేచాడో చూసేవాళ్లు లేరు. షాపు ఎక్కడుండాలి, ఎంతసేపు తెరవాలి, పక్కన కూర్చోబెట్టి తాగించొచ్చా లేదా అని నిర్ణయించేది మీ శాఖ. ఆ నిర్ణయాల ఫలితం రాత్రి పది దాటాక మా దగ్గరికి వస్తుంది.

మా దగ్గరికి ఎలా వస్తుందో కాస్త చెప్పనివ్వండి. "బండి మీద నుంచి పడ్డాడు" అంటారు తీసుకొచ్చినవాళ్లు. ఎవరూ ఢీకొట్టి ఉండరు. కల్వర్టు గోడకో, లైటు లేకుండా ఆపిన ట్రాక్టర్ ట్రక్కుకో, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల చుట్టూ పేర్చిన రాళ్లకో తగిలి ఉంటాడు. హెల్మెట్ బండి హ్యాండిల్‌కే వేలాడుతూ ఉంటుంది. తలకు దెబ్బ తగిలినవాడు తాగి కూడా ఉంటే డ్యూటీ డాక్టరుకు అదొక పెద్ద చిక్కు. పిలిస్తే పలకడు. అది మందు మత్తా, లేక పుర్రె లోపల రక్తం గడ్డకట్టడం మొదలైందా? సీటీ స్కాన్ లేని చోట ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. "తాగినాడు గదమ్మా, పడుకోనీండి, తెల్లారితే లేస్తాడు" అంటారు వెంట వచ్చినవాళ్లు. తెల్లారేసరికి ఒక కంటిపాప పెద్దదైపోయి ఉంటుంది. అప్పుడు అంబులెన్సు ఎక్కించి పెద్దాస్పత్రికి పంపించినా చాలామందికి ఆలస్యమైపోతుంది.

ఇంకొక సంగతి మంత్రి గారూ. పోలీసు కేసయ్యే దెబ్బల వివరాలు రాసే ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో "మద్యం వాసన ఉంది" అని డాక్టరు రాయబోతుంటే, భార్య వచ్చి చెయ్యి పట్టుకుని "సిస్టరమ్మా, మందు తాగినాడని రాయబాకండి, ఇన్సూరెన్సు రాదంట" అని ఏడుస్తుంది. ఆమె మాట నిజమే. బండి ఓనరుకు ఉండే సొంత ప్రమాద బీమా, తాగి నడిపినట్టు తేలితే వర్తించదు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి అలా నిలబడి అడుగుతుంటే ఆ గదిలో అందరూ ఒక్క క్షణం తల దించుకుంటారు. తాగుడు వల్ల పోయిన ప్రాణాలు లెక్కల్లోకి రాకపోవడానికి ఇదొక కారణం. దీన్ని ఏ నివేదికా చెప్పదు.

రెండో కారణం రక్తపరీక్ష. మద్యం పరీక్షకు రక్తం తీసేటప్పుడు చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడవకూడదు, తుడిస్తే ఆ కేసు కోర్టులో నిలవకపోవచ్చు. సబ్బునీళ్లతో తుడిచి, రక్తం పాడవకుండా ఫ్లోరైడ్ కలిపిన బూడిదరంగు మూత ట్యూబులోకి తీసి, సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబుకు పంపాలి. ఆ ట్యూబులు అయిపోయిన రాత్రులుంటాయి. వాటికంటే పెద్ద సమస్య ఆలస్యం. శరీరం ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మద్యాన్ని కరిగించుకుంటుంది. ప్రమాదం జరిగినప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాములున్న మనిషి, పల్లె నుంచి పీహెచ్‌సీకి, అక్కణ్నుంచి ఏరియా ఆస్పత్రికి చేరి, పోలీసు వచ్చి లెటరు ఇచ్చి, రక్తం తీసేసరికి అయిదు గంటలు పడితే 25కి వస్తాడు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30. అంటే ఆ మనిషి చట్టం దృష్టిలో తాగనివాడే అయిపోతాడు.

ఇవన్నీ పోగా ఢిల్లీకి చేరే లెక్క చూడండి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో మద్యం, మత్తుమందుల ఖాతాలో వేసింది 4,201. నూటికి రెండున్నర. అతివేగం ఖాతాలో వేసింది నూటికి డెబ్బై పైనే. తాగినవాడు వేగంగా నడిపి చస్తే ఆ చావును ఏ గడిలో వేయాలి? ఎఫ్ఐఆర్‌లో "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అని రాయడం అలవాటు, రాయడం తేలిక, రుజువు చేయడం కూడా తేలిక. అందుకని అది ఆ గడిలోకే పోతుంది. బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు ఆస్పత్రులకు వచ్చిన క్షతగాత్రులనే నేరుగా పరిశీలించినప్పుడు మద్యం తాగినవాళ్ల వాటా పోలీసు లెక్కలకు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. రాత్రి డ్యూటీలు చేసిన ఏ నర్సును అడిగినా ఇదే చెబుతుంది. మీ అధికారులు ఆ రెండున్నర శాతం చూపించి "తాగుడు వల్ల ప్రమాదాలు తక్కువేనండీ" అని మీకు నోట్ పెడితే దయచేసి నమ్మొద్దు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక యువకుడి బైకు 44వ నంబరు జాతీయ రహదారి మీద అదుపు తప్పి డివైడర్‌కు కొట్టుకుంది. అతను చనిపోయాడు. బైకు రోడ్డు మీదే పడి ఉంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు దాని మీదుగా వెళ్లి దాన్ని ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి, నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ యువకుడు మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సు ఎలా కట్టారు, చాలామంది బయటికి ఎందుకు రాలేకపోయారు, డ్రైవరు ఏం చేశాడు అనేవి వేరే ప్రశ్నలు, వాటికీ జవాబులు రావాలి. కానీ తాగి నడిపితే తన చావు తనే చస్తాడులే అని అనుకునేవాళ్లకు ఆ రాత్రి చాలు. ఆ ఘటన తర్వాత డ్రైవర్ల మీద, ట్రావెల్స్ మీద, ఆర్టీఏ మీద ఎన్నో రోజులు చర్చ జరిగింది. మద్యం అమ్మే చోట్లు, వేళలు, షరతుల గురించి మాత్రం పార్టీలు ఒకరినొకరు తిట్టుకోవడమే తప్ప నిలబడి మాట్లాడింది లేదు.

మాది సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంట ఉన్న జిల్లా. 1992లో మా ఆడవాళ్లు సారా దుకాణాల ముందు కూర్చుంటే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు గారు ప్రమాణ స్వీకారం రోజే సంపూర్ణ మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అమలైంది, 1997లో ఎత్తేశారు. ఆనాడు మా వాళ్లు కొట్లాడింది కూలి డబ్బుల కోసం, ఒంటి మీద దెబ్బలు ఆగడం కోసం, పిల్లల కడుపు కోసం. రోడ్డు గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే ఆనాడు తాగినవాడు నడిచే ఇంటికి పోయేవాడు, పోలేకపోతే అరుగు మీద పడిపోయేవాడు. ఈరోజు కూలికి పోయే మనిషికి కూడా కిస్తీల మీద కొన్న బండి ఉంది. 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. అదే క్వార్టర్, అదే మనిషి, కింద బండి ఒక్కటే కొత్తగా వచ్చింది. మద్యం పాలసీ మాత్రం ఈ బండిని ఇంకా చూడలేదు. షాపులెన్ని, లైసెన్సు ఫీజెంత, బ్రాండ్లేవి, ధరెంత అనే దగ్గరే ఆగిపోయింది.

గత ఆరేడేళ్లలో పాలసీ రెండుసార్లు తిరగబడింది. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే షాపులు నడిపింది, పర్మిట్ రూములు తీసేశారు, ధరలు పెంచారు. షాపులు తగ్గితే తాగుడు తగ్గుతుందని నేనూ ఆశపడినదాన్ని. తాగడానికి కూర్చునే చోటు లేకపోయేసరికి సీసా కొనుక్కుని రోడ్డు పక్కన తుమ్మచెట్ల కింద, కల్వర్టుల మీద, చెరువుకట్టల మీద తాగి, అక్కణ్నుంచే బండెక్కడం కళ్లారా చూశాం. కావాల్సిన బ్రాండు కోసం సరిహద్దు ఊళ్ల నుంచి తమిళనాడుకు, కర్ణాటకకు, తెలంగాణకు, అటు యానాంకు బండ్లేసుకుని పోయి తాగి వచ్చినవాళ్లూ ఎందరో. మళ్లీ 2024 అక్టోబరు 16 నుంచి 3,396 ప్రైవేటు షాపులు వచ్చాయి, పొద్దున పది నుంచి రాత్రి పది దాకా. 2025లో పర్మిట్ రూములకూ తిరిగి అనుమతి ఇచ్చారు. బహిరంగంగా తాగడం ఆగుతుందని కారణం చెప్పారు. ఆ కారణాన్ని నేను కొట్టిపారేయను, చెట్ల కింద తాగేవాళ్ల వల్ల ఆడపిల్లలు సందుల్లో నడవలేకపోయిన మాట నిజం. అయితే పర్మిట్ రూముకు మనుషులు నడిచి రారు. ఏ సాయంత్రమైనా ఏ పర్మిట్ రూము ముందైనా నిలబడి చూడండి, బండ్లు వరసగా స్టాండు వేసి ఉంటాయి. రాత్రి పదింటికి షట్టరు దించాక ఆ బండ్లన్నీ ఒకేసారి స్టార్టవుతాయి. ప్రభుత్వం ఆ గదికి ఫీజు కట్టించుకుంది. ఆ బండ్ల గురించి ఆ యజమానికి ఒక్క బాధ్యతైనా పెట్టిందా?

కాబట్టి షాపులు పెంచాలా తగ్గించాలా అని నేను మీతో వాదించను. సంపూర్ణ నిషేధం పెట్టమని కూడా అడగడం లేదు. ఎక్కడ తాగిన మనిషి ఎక్కడ పడుతున్నాడో తెలియకుండా తీసుకునే ఏ నిర్ణయమైనా చీకట్లో తీసుకున్నట్టే. ఆ ఒక్క ప్రశ్న అడగమనేది అందుకే.

మందు బాబు నిజం చెబుతాడా అని మీ అధికారులు అనొచ్చు. ఒకరిద్దరు అబద్ధం చెబుతారు. కానీ పట్టుబడినవాడికి ఆ షాపు పేరు దాచిపెట్టడం వల్ల వచ్చే లాభమేమీ లేదు. పదిమందీ విడివిడిగా ఒకే షాపు పేరో, ఒకే దాబా పేరో చెబితే అది అబద్ధం కాదు. ఆ జవాబును కోర్టులో సాక్ష్యంగా వాడక్కర్లేదు, తాగి నడిపినవాడి శిక్ష దాని వల్ల ఒక్క రోజు కూడా తగ్గకూడదు. ఏ షాపును ముందు తనిఖీ చేయాలో, ఏ రోడ్డు మీద ఏ వేళకు పోలీసులు నిలబడాలో తెలుసుకోవడానికి వాడండి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో మద్యంతో ముడిపడ్డ కేసుల్లో పోలీసులు చివరిగా ఎక్కడ తాగారని అడిగి నమోదు చేసే పద్ధతి ఉంది. మనకు ఇంకొక వసతి కూడా ఉంది. నకిలీ మద్యం గొడవ తర్వాత 2025 అక్టోబరులో మీరు సీసా మీది కోడ్ స్కాన్ చేసి చూసుకునే యాప్ తెచ్చారు. ఏ సరుకు ఏ షాపుకు వెళ్లిందో మీ శాఖ దగ్గర లెక్క ఉంటుంది. ప్రమాదం జరిగిన చోట బండి కవర్లోనో, జేబులోనో సీసా దొరికితే దాన్ని పంచనామాలో "ఖాళీ సీసా ఒకటి" అని రాసి వదిలేయకుండా ఆ కోడ్ చదివించండి. వైన్ షాపులో కొన్న సరుకు బెల్టు షాపుకు ఎలా చేరిందో కూడా అక్కడే బయటపడుతుంది.

బెల్టు షాపుల సంగతి మీకు నచ్చకపోయినా చెప్పాలి. అవి లేవని ప్రభుత్వం అంటుంది, ఉన్నాయని ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో శీతల పానీయాల వెనక వరసలో ఉంటాయి, ఎమ్మార్పీ మీద ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ. వాటికి పొద్దున పది, రాత్రి పది అన్న లెక్క లేదు. ఊళ్లోనే దొరికితే బండేసుకుని టౌనుకు పోయి తాగి వచ్చే ప్రమాదం తగ్గుతుంది కదా అని నాతో ఒక పెద్దమనిషి వాదించారు. ఇంటి పక్కన తాగి ఇంటికి నడిచేవాడి వరకు ఆయన మాటలో కొంత నిజం ఉండొచ్చు. హైవే దాబాల్లో, లారీలు ఆగే చోట్ల తెల్లవార్లూ అమ్మే బెల్టుల సంగతో? ఏవి ఎంత హాని చేస్తున్నాయో తేల్చేది నా అభిప్రాయమూ కాదు, ఆయన అభిప్రాయమూ కాదు. ఆ జవాబులే తేలుస్తాయి.

హైవే అంటే గుర్తొచ్చింది. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల నుంచి 500 మీటర్ల లోపల మద్యం అమ్మకూడదని తీర్పు ఇచ్చింది. రోడ్డు మీదికి కనిపించకూడదు, రోడ్డు మీద నుంచి నేరుగా దారి ఉండకూడదు, దారి చూపే బోర్డులూ ఉండకూడదు అంది. తర్వాత 20 వేల లోపు జనాభా ఉన్న చోట్ల దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. 2017 జులైలో మున్సిపాలిటీల లోపలి షాపులకు ఈ నిషేధం వర్తించదని వివరణ ఇచ్చింది. ఈలోగా కొన్ని రాష్ట్రాలు రాష్ట్ర రహదారుల పేర్లే మార్చేసి షాపులను కాపాడుకున్నాయి. మినహాయింపు ఇవ్వొచ్చు అన్నారే తప్ప ఇచ్చి తీరాలని కోర్టు ఎవరినీ బలవంతపెట్టలేదు. మున్సిపాలిటీ హద్దు లోపలే అయినా, బైపాస్ సర్వీసు రోడ్డుకు ఆనుకుని ఉన్న షాపు హైవే షాపే. లారీ డ్రైవరుకు మున్సిపాలిటీ హద్దు కనబడదు, పార్కింగు చోటు కనబడుతుంది. వచ్చే లైసెన్సులకైనా బైపాసులకు ఆనుకున్న చోట్లు ఇవ్వకండి. దీనికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు, మీ నోటిఫికేషన్‌లో ఒక వాక్యం చాలు.

చట్టం బలహీనంగా ఉందని నేననను. మన హద్దు 30 మిల్లీగ్రాములు, ఇంగ్లండులో 80. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే పది వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అయితే ఊదించేవాళ్లు ఉంటేనే చట్టం ఉన్నట్టు. హైదరాబాద్‌లో 2011 నుంచి ట్రాఫిక్ పోలీసులు పట్టుదలగా డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు చేస్తున్నారు. దొరికినవాణ్ని గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ సంస్థలకు ఇంటివాళ్లతో సహా రప్పించి కౌన్సెలింగ్ ఇస్తారు. భార్య, తండ్రి పక్కన కూర్చుని వింటుంటే ఆ మనిషికి తగిలేది జరిమానా కంటే ఎక్కువ. అంత చేసినా 2016 జులైలో పంజాగుట్టలో పట్టపగలు తాగి నడిపిన కారు ఒక పాపను, ఆమె బాబాయిని, తాతయ్యను పొట్టన పెట్టుకుంది. ఆ కారులోని కుర్రాళ్లకు 21 ఏళ్లు నిండకుండానే బారులో మందు పోశారు. మళ్లీ అదే ప్రశ్న, ఎక్కడ తాగారు? ఆ కేసులో జనం గట్టిగా అడిగారు కాబట్టి ఆ జవాబు బయటికొచ్చింది. మా పల్లె రోడ్ల మీద పోయినవాళ్ల విషయంలో అడిగేవాళ్లు ఎవరు? మా మండలాల్లో చీకటి పడ్డాక బ్రీత్ ఎనలైజర్ పట్టుకుని నిలబడిన పోలీసును చూడటమే అరుదు. తనిఖీలు టౌన్లలో, శని ఆదివారాల్లో, డిసెంబరు 31న జరుగుతాయి. మాకు మాత్రం సంత రోజు, కూలి డబ్బులు చేతికొచ్చే రోజు, తిరణాళ్ల రోజు, పెళ్లిళ్ల సీజను, ఇవీ రద్దీ రాత్రులు.

లైసెన్సుల మీద, పర్మిట్ రూముల మీద వచ్చే డబ్బులో కొంత ఆ మండలానికే వెనక్కి రావాలి. ప్రతి స్టేషనుకూ పనిచేసే బ్రీత్ ఎనలైజర్లు, ప్రతి ఏరియా ఆస్పత్రికీ ఆ బూడిదరంగు మూత ట్యూబులు, ఫోరెన్సిక్ ల్యాబుల్లో రిపోర్టు త్వరగా వచ్చేలా సిబ్బంది. ప్రాణం పోయిన ప్రతి ప్రమాదంలో డ్రైవరు బతికున్నా చనిపోయినా రక్తపరీక్ష తప్పనిసరి చేయండి. తాగినట్టు తేలితే బీమా రాదని భయపడే ఆ భార్యకు ప్రభుత్వం తరఫున పిల్లల చదువుకైనా ఏదో ఒక ఆసరా ఉంటే, నిజం రాయడానికి ఎవరి చేతులూ వణకవు. ఆమె ఏ తప్పూ చేయలేదు. రాష్ట్ర ఖజానాకు ఆమె భర్త రోజూ కట్టిన పన్నులో ఆమెకు ఆ పాటి హక్కు ఉందని నా నమ్మకం.

పర్మిట్ రూముల విషయానికి వస్తే, లైసెన్సు షరతుల్లోనే కొన్ని చేర్చండి. తూలుతూ బండి దగ్గరికి పోయేవాణ్ని ఆపి తాళం అడిగి తీసుకోవడం, రాత్రికి బండి అక్కడే ఉంచుకోవడానికి చోటు చూపించడం, ఆటోవాళ్ల నంబర్లు గోడ మీద రాసి పెట్టడం. బయట సీసీ కెమెరా ఒకటి బండ్ల వైపు తిప్పి పెట్టించండి. ఏ షాపు పేరు ప్రమాదాల జవాబుల్లో మళ్లీ మళ్లీ వస్తుందో ఆ షాపు పర్మిట్ రూమును ముందు కొన్నాళ్లు మూయించండి, తర్వాత కూడా వస్తుంటే లైసెన్సు రద్దు చేయండి. యజమానులు ఎంత త్వరగా నేర్చుకుంటారో మీరే చూస్తారు.

ఇందులో చాలావాటికి సమయం పడుతుంది, డబ్బు కావాలి, హోం శాఖతో, ఆరోగ్య శాఖతో మాట్లాడాలి. ఆ ప్రశ్నకు మాత్రం అంత సమయమూ, అంత డబ్బూ అక్కర్లేదు. డ్రంకెన్ డ్రైవ్ కేసు షీటులో ఒక గడి, ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో ఒక గడి. డీజీపీ గారితో, ఆరోగ్య శాఖ పెద్దలతో ఒక పూట కూర్చుంటే అయిపోయే పని. మూడు నెలల జవాబులు చేతికి వచ్చాక వాటిని జిల్లాలవారీగా జనం ముందు పెట్టండి. మీ శాఖ నుంచి "మీ లేఖ అందింది, పరిశీలనలో ఉంది" అనే ఉత్తరం నాకు వద్దు. ఆ గడి చేరుస్తూ ఇచ్చిన జీవో కాపీ పంపించండి, మా పాత క్యాజువాల్టీ సిస్టర్లకు నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
నెల్లూరు జిల్లా